ఒట్టు తీసి గట్టున పెట్టి... ఓ ఫోన్ చెయ్యి!

మా పిన్ని ఆ ఫోన్ చేయడానికి ముందు నీళ్ల మోటారు వేసింది. డాబా ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడింది. నీళ్లు పడే చప్పుడులో తన మాట పక్కింటివాళ్లకు వినపడకూడదని. ట్యాంకు ఎప్పుడో నిండింది. నీళ్లు పొంగి, పిట్టగోడ మీదుగా పెరట్లోని అరటిచెట్టు మొదట్లో దభదభా పడుతున్నాయి. "అమ్మాయ్, మోటారు కట్టెయ్, నీళ్లు పోతున్నాయి" అని కిందనుంచి ఎవరో కేకేశారు కూడా. కట్టలేదు. ఏ వస్తువునీ వృథాగా పోనివ్వని మనిషి, ఆ పూట పావుగంటసేపు నీళ్లు పారనిచ్చింది.

ఆమె నొక్కినవి అయిదే అంకెలు. 14416. ఆ నంబరు వచ్చి ఎంతో కాలం కాలేదు కానీ, తాగుడికి ఇలా ఎవరికైనా ఫోన్ చేయొచ్చన్న ఊహ రావడానికే ఆ ఇంటికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆ పద్దెనిమిదేళ్లలో బాబాయి పెట్టిన ఒట్లకు లెక్కలేదు. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒకటి. తిరుమల కొండ మీద గుండు చేయించుకుని ఒకటి. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ఒకటి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా తాతయ్య పోయిననాడు పాడె పక్కన ఒకటి. ఒట్టు పెడుతున్నప్పుడు ఆయన అబద్ధమాడాడని నేననుకోను. ఆ పూటకు అవన్నీ నిజాలే. మూడోరోజు సాయంత్రానికి చెయ్యి వణికేది, నాలుగోరోజు జేబులో క్వార్టర్ ఉండేది. చిన్నప్పుడు ఆటల్లో మాట తప్పాల్సి వస్తే "ఒట్టు తీసి గట్టున పెట్టు" అనుకుని తప్పించుకునేవాళ్లం. పెద్దయ్యాక అలా గట్టున పెట్టడానికి వీల్లేదు. తప్పిన ఒట్టు ప్రతిదీ మనిషి మీదే కూర్చుంటుంది. ఆ బరువు దించుకోవడానికి మళ్లీ తాగాలి.

మన ఇళ్లలో తాగుడికి తెలిసిన వైద్యం ఇదే. మొదట ఒట్టు. ఒట్టు తప్పితే తిట్టు. తిట్టుకీ లొంగకపోతే పుట్టింటివాళ్లు, పెద్దమనుషులు, పంచాయితీ. అదీ అయ్యాక మొక్కు, తాయెత్తు, పసరుమందు. షుగరొచ్చిన మనిషి చేత "ఇకనుంచి షుగర్ రానివ్వను" అని ఎవరూ ప్రమాణం చేయించరు, డాక్టరు చేత చీటీ రాయించుకోవడానికి తీసుకెళతారు. తాగుడు దగ్గరికొచ్చేసరికి మాత్రం చీటీ గుర్తుకు రాదు, ప్రమాణమే గుర్తుకొస్తుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువాళ్లలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. అందులో తాగుడు ఒంటికో ఇంటికో చేటు చేస్తున్నవాళ్లు, దానికి బానిసలైనవాళ్లు కలిపి 5.7 కోట్లు. ఈ రెండు లెక్కలూ పేపర్లలో పతాక శీర్షికలకెక్కాయి. నాకు మాత్రం ఆ నివేదికలోని మూడో లెక్క దగ్గర చూపు ఆగిపోయింది. మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక సాయమో చికిత్సో అందిందని చెప్పింది 38 మందిలో ఒక్కరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందామన్నది 180 మందిలో ఒక్కరు.

మిగతా 37 మంది ఎక్కడున్నారో నాకు తెలుసు. ఒట్టు పెడుతున్నారు.

మరిది గడ్డం వదిన గీస్తుందా?

పిన్ని ఫోన్‌లో తన పేరు చెప్పలేదు. వేరే పేరు చెప్పింది. తాగేది మొగుడని చెప్పలేదు, "మా మరిదండీ" అంది. అవతల మాట్లాడిన అమ్మాయి గొంతు చిన్నదే, పెళ్లికాని పిల్ల గొంతులా ఉందట. తెలుగు మన తెలుగే. "చెప్పండమ్మా" అని ఊరుకుంది. పిన్నికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు నీళ్ల చప్పుడే వినిపించి ఉంటుంది. ఆ పిల్ల ఫోన్ పెట్టెయ్యలేదు.

"పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా అమ్మా ఆయనకి?"

"వణుకుతాయమ్మా. గడ్డం గీసుకోలేరు. నేనే గీస్తాను."

మరిది గడ్డం వదిన గీయదని ఆ పిల్లకు తెలియకుండా ఉంటుందా? ఏమీ అనలేదు. తర్వాతి ప్రశ్న అడిగింది. పిన్ని ఆ విషయం మాకు చెబుతూ, "ఆ పిల్ల నన్ను పట్టేసుకుంది రా, అయినా పరువు తియ్యలేదు" అంది. పద్దెనిమిదేళ్లుగా చుట్టాల్లో ఎవరికీ చేతకాని పని అది.

ఆ చేతుల వణుకు గురించి కాస్త చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో దాన్ని నరాల బలహీనత కింద జమకట్టేసి, టానిక్కులు పట్టిస్తుంటారు. మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు ఆ మత్తుకు ఎదురు తన్నిపట్టి, రెట్టింపు జోరుతో పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. తాడులాగుడు ఆటలో అవతలి జట్టు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే ఇవతలివాళ్లు ఏమవుతారు? వెల్లకిలా పడతారు. ఒక్కసారిగా మానేసినప్పుడు మెదడుకు జరిగేదీ అదే. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండోరోజు దాటాక కొందరికి మతి చెదురుతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, చనిపోయిన నాన్న గుమ్మంలో నిలబడ్డాడంటాడు, ఎవరో చంపడానికొస్తున్నారని మంచం కింద దూరతాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళతారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. ప్రాణం మీదికొచ్చే వైద్య అత్యవసరం. అప్పుడు చేయాల్సిన ఫోన్ 108.

కాబట్టి, ఏళ్ల తరబడి పొద్దున్నుంచీ తాగుతున్న మనిషి చేత ఒట్టు వేయించి, గదిలో పెట్టి గొళ్లెం వేయడం అంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఆసుపత్రిలో అయితే లొరాజెపామ్‌, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందులు ఇచ్చి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వారం పదిరోజుల్లో ఒడ్డున పడేస్తారు. బి1 విటమిన్ సూదిమందు ఇస్తారు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీలు నీరసంగా ఉన్నాడని నేరుగా గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తుంటారు. ఒంట్లో బి1 అడుగంటిన తాగుబోతుకు అది లేకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ముప్పుంది.

ఇదంతా మన కళ్లముందు జరిగిందే. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, కల్లు దొరక్క జనం వింతగా ప్రవర్తిస్తున్నారని టీవీల్లో చూపించారు. కొందరు దాన్ని నవ్వులాట చేశారు. ఆ కల్లులో ఈతచెట్టుది ఎంతో, అల్ప్రజోలామ్‌, డయాజెపామ్‌, క్లోరల్ హైడ్రేట్‌ల పాలు ఎంతో! మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు ఒకేరోజు మూసేసరికి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు. అడ్డగోలుగా మాన్పిస్తే ఏమవుతుందో చూడటానికి అంతకంటే పెద్ద ప్రదర్శన అక్కర్లేదు.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మనకు ఊరూరా కనిపిస్తారు. వాళ్లను చూసి, "తలుచుకుంటే మానగలడు, మాలలో మానలేదూ?" అని ఇళ్లలో అంటుంటారు. దాంట్లో సగం నిజం. దీక్షలో ఉన్నప్పుడు మనిషి ఒంటరిగా లేడు. తెల్లవారుజామున లేపే గురుస్వామి ఉన్నాడు, సాయంత్రం భజన ఉంది, 'స్వామీ' అని పిలిచే పదిమంది ఉన్నారు, వైన్ షాపు ముందునుంచి నల్లబట్టల్లో నడిచే మనిషిని వీధంతా చూస్తుంటుంది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. 42వ రోజు సాయంత్రం ఆరున్నరకు పలకడానికి ఎవరున్నారు?

ఏక్రన్ హోటల్లో ఓ సాయంత్రం

1935 మే నెల. అమెరికాలో ఓహయో రాష్ట్రం, టైర్ల ఫ్యాక్టరీల ఊరు ఏక్రన్. మేఫ్లవర్ హోటల్ లాబీలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. వచ్చిన వ్యాపార వ్యవహారం చెడింది. జేబులో పది డాలర్లు ఉన్నాయేమో. తాగుడు మాని అయిదు నెలలయింది. లాబీకి ఓ చివర బారు, లోపల నవ్వులు. ఇంకో చివర టెలిఫోన్, దాని పక్కన ఊళ్లోని చర్చిల పట్టిక.

ఫోన్ వైపు నడిచాడు. ఆ పట్టికలోంచి ఓ ఫాదరీకి ఫోన్ చేశాడు. ఆయన కొన్ని పేర్లిచ్చాడు. ఒక్కొక్కరికీ చేసుకుంటూ పోతే, చివరికి హెన్రియెటా సీబర్లింగ్ అనే ఆమె దొరికింది, గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ పెట్టినాయన కోడలు. అతను అడిగింది చిత్రమైన సాయం. తనను ఆదుకొమ్మని అడగలేదు. తనలాంటి తాగుబోతు ఇంకొకణ్ని చూపించమన్నాడు, వాడితో మాట్లాడితే తను నిలబడతానని. ఆమెకు అలాంటి మనిషి ఒకాయన తెలుసు. డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. ఆపరేషన్‌కు ముందు చేతులు వణికే సర్జన్!

మర్నాడు మదర్స్ డే. సాయంత్రం అయిదింటికి డాక్టర్ బాబ్ హ్యాంగోవర్‌తోనే వచ్చాడు, "పావుగంటకు మించి కూర్చోను" అని భార్యతో ముందే ఒప్పందం చేసుకుని. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. బిల్ ఆయనకు నీతులేవీ చెప్పలేదు, తన కథే చెప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా బాబ్ ఓసారి జారాడు. జూన్ 10న ఆపరేషన్ ఉంటే, వణుకు తగ్గడానికి బిల్లే ఆయనకో బీరు పట్టించి ఆసుపత్రికి పంపాడు. బాబ్ తాగిన ఆఖరి మద్యం అదే. ఆ రోజునే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఆ సంఘం 1957లో మన దేశానికొచ్చింది. హైదరాబాద్‌లోనూ ఏళ్లుగా మీటింగులు నడుస్తున్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు సభ్యత్వానికి.

ఈ సంఘం పనిచేస్తుందా, ఉత్త భజనా అని చాలాకాలం వాదనలు నడిచాయి. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. పూర్తిగా మానేయడంలో ఈ పద్ధతి పేరున్న మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల వాటికంటే మెరుగనీ తేల్చింది. ఆ సంఘంవాళ్లు పాటించే పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చింది. కొత్తగా చేరినవాడికి పాతకాపు ఒకరు తన ఫోన్ నంబరిస్తాడు. తాగాక ఏడుస్తూ చేయడానికి కాదు, మొదటి గుక్కకు ముందు చేయడానికి.

కారు పంపిస్తామన్నారు

పిన్ని మొట్టమొదట చేసిన ఫోన్ 14416 కాదని తర్వాత తెలిసింది. ఆటో వెనక అంటించిన ఓ స్టిక్కర్ చూసి, అందులోని నంబరుకు చేసింది. ఎత్తినాయన జబ్బు గురించి అడగలేదు, ఊరి పేరు అడిగాడు. "మేం కారు పంపిస్తామమ్మా. నలుగురు కుర్రాళ్లొస్తారు. రాత్రిపూట ఎత్తుకొచ్చేస్తాం. మీరు తలుపు తీస్తే చాలు. సగం డబ్బు ముందు కొట్టండి" అన్నాడు. ఆమెకు మొగుడి మీద ఎంత కోపమున్నా, నిద్రలో ఉన్న మనిషిని కట్టేసి తీసుకుపోతారన్న మాటకు వెన్ను జలదరించింది. కట్ చేసింది.

మంచిపనే చేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యానికి బానిస కావడం కూడా మానసిక అనారోగ్యమే. అంటే అలాంటివాళ్లను చేర్చుకుని వైద్యం చేసే కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగి వద్దంటున్నా చేర్చుకోవాలంటే చట్టం చెప్పిన షరతులుండాలి, వాటిని డాక్టర్లు నిర్ధారించాలి. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలి. నలుగురు కుర్రాళ్లు, ఓ కారు అనే పద్ధతి ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఫోన్‌లో ముందు డబ్బు మాట ఎత్తేవాణ్ని, "గ్యారంటీ" అనేవాణ్ని అక్కడికక్కడే వదిలెయ్యొచ్చు.

ఇంకో రకం ప్రకటనలు ఉంటాయి. "మీవారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, పదిరోజుల్లో మందు మానేస్తారు." తాగేదాన్నీ మందే అంటాం, దాన్ని మాన్పించేదాన్నీ మందే అంటాం కాబట్టి ఈ వాక్యానికి మన భాషలో మంచి గిరాకీ. ఆ పొడుల్లో ఏముంటుందో ఎవరికెరుక. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్రనే కొందరు సాంబారులో కలిపేస్తుంటారు. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే మొహం కందగడ్డలా అవుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. తాగితే ఇలా అవుతుందని తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికే ఆ మాత్ర. తెలియనివాడికి పెడితే అది విషంతో సమానం.

ఎత్తేది ఎవరు?

14416, టెలిమానస్. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన మొదలుపెట్టింది. బెంగళూరు నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. 24 గంటలూ పలుకుతుంది, డబ్బు పడదు, 20 భాషల్లో మాట్లాడతారు, తెలుగు అందులో ఉంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు. వ్యవహారం ముదిరిందనుకుంటే పైమెట్టులో ఉన్న సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో కలుపుతారు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఏదో, అక్కడ ఎవర్ని కలవాలో చెబుతారు. ప్రత్యేకంగా మత్తు వ్యసనాల కోసమే కేంద్ర సామాజిక న్యాయ శాఖ నంబరు ఇంకోటి ఉంది, 14446. రెంటికీ మధ్య తేడా ఒక్క అంకె. తికమకపడినా నష్టం లేదు, ఎటు తగిలినా తాగుడు గురించి మాట్లాడొచ్చు.

"డాక్టరే కాని కుర్రపిల్ల ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడితే పద్దెనిమిదేళ్ల తాగుడు పోతుందా?" అని మా ఇంట్లోనే అన్నారు. సబబైన ప్రశ్నే. గోవాలో సంగత్ అనే సంస్థ సరిగ్గా ఇదే పరీక్షించి చూసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకొచ్చిన, తాగుడు శ్రుతి మించిన మగవాళ్లు 377 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దానితోపాటు, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, వాళ్లచేత మాట్లాడించారు. మహా అయితే నాలుగు విడతలు. మూడు నెలలు పోయాక చూస్తే, అంతకు ముందు 14 రోజులుగా చుక్క ముట్టనివాళ్లు మొదటి జట్టులో 18 శాతం, మాటలు అందిన జట్టులో 42 శాతం. లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితమిది. బాగా ముదిరినవాళ్లను వాళ్లు ఈ లెక్కలో కలపలేదన్నది కూడా చెప్పాలి. ముదిరితే ఆసుపత్రే. ముదరకముందు మాత్రం నాలుగు మాటలకు ఆమాత్రం బలముంది.

ఏ మాటలు? "తాగుడు చెడ్డది" అని మాత్రం కాదు. అది తాగేవాడికి మనకంటే బాగా తెలుసు. 1984లో జాన్ యూయింగ్ అనే అమెరికన్ డాక్టరు ప్రచురించిన నాలుగు ప్రశ్నలను ఇప్పటికీ ప్రపంచమంతా డాక్టర్లు వాడుతుంటారు. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి అంటే ఒళ్లు మండిందా? తాగినందుకు తప్పు చేశాననిపించిందా? పొద్దున కళ్లు తెరవగానే, చేతులు నిలదొక్కుకోవడానికో నిన్నటి తలనొప్పి పోవడానికో ఓ చుక్క వేశారా? రెండింటికి అవునని జవాబొస్తే డాక్టరుతో మాట్లాడాల్సిందే. నాలుగోదానికి అవునంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి ఫోన్ తీయండి.

పిన్నికి ఆ పిల్ల చెప్పిన విషయాలు పెద్దవేం కావు. తాగి ఉన్నప్పుడు వాదన పెట్టుకోవద్దంది. పొద్దున, మత్తు దిగాక, ఎవరూ లేనప్పుడు ఒక్క మాట అడగమంది. మానమని కాదు, డాక్టరు దగ్గరికి "నీతో వస్తాను" అని. చేయిచేసుకుంటున్నాడా అని అడిగింది, అలాగైతే 181కో 112కో చేయమంది. ఆఖర్న, "మీరు నిద్రపోతున్నారా అమ్మా?" అంది. పద్దెనిమిదేళ్లలో తన నిద్ర గురించి అడిగిన మొదటి మనిషి ఆ పిల్లేనట.

ఇంట్లోవాళ్లనూ పలకరించాలన్న సంగతి ఏక్రన్ కథలోనూ ఆలస్యంగానే తెలిసింది. బిల్ భార్య లోయిస్, తాగేవాళ్ల ఇళ్లలోవాళ్లకూ ఓ కూటమి కావాలని 1951లో అల్-అనాన్ పెట్టింది. మనకు వేరే దారిలో ఓ పెద్ద కథే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు. ఆ ఆడవాళ్ల గెలుపు చిన్నది కాదు. కొట్టు మీదికి పదిమంది కలిసి వెళ్లొచ్చు. ఇంట్లో మొగుడి ఎదుట, పొద్దున ఆరింటికి ఆ ఒక్కమాట అడగడానికి మాత్రం ఒక్కతే నిలబడాలి. పిన్నిలాంటివాళ్లకు ఇప్పటిదాకా వెనక ఎవరూ లేనిది అక్కడే.

ఇడ్లీ తిన్నావా?

బాబాయి ప్రభుత్వ బోధనాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లాడు. పదకొండు రోజులు చేర్చుకున్నారు. తిరిగొచ్చి, తన గడ్డం తనే గీసుకున్నాడు. ఓ గాటు పడింది, పిన్నికి చూపించి నవ్వాడు. కథ ఇక్కడ ఆగితే బాగుండేది. అయిదో నెలలో, మేనకోడలి పెళ్లిలో, "ఇవాళొక్కరోజుకేం కాదు బావా" అన్నవాళ్ల మధ్య మళ్లీ తాగాడు. మూడు వారాలు తాగాడు. ఈ జబ్బు తీరే అంత. బీపీ తిరగబెడితే ఎవరూ తలదించుకోరు, ఇది తిరగబెడితే ఇల్లంతా తలదించుకుంటుంది. ఈసారి ఒట్టు వేయించుకుందామని మా పెద్దత్తయ్య కర్పూరం బిళ్ల తెచ్చింది. పిన్ని లోపల పెట్టేసింది.

మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మాత్రలు. తర్వాత ఓ రోజు ఉదయం బజారుకెళ్లిన బాబాయి, ఇంకా షట్టరు లేవని వైన్ షాపు ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడిపోయాడు. షట్టరు పదింటికి లేస్తుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది. పిన్ని ఆయన ఫోన్‌లో కూడా ఆ నంబరు ఎక్కించి పెట్టింది, ఎవరైనా చూస్తే బాగోదని "గ్యాస్ బుకింగ్" అని పేరు పెట్టి. దానికి చేశాడు. ఈసారి మగగొంతు. "ఏం తిన్నారు సార్ పొద్దున్న?" అని అడిగాడట ఆ అబ్బాయి. బాబాయికి చిరాకేసింది. తాగాలనిపిస్తోందిరా మొర్రో అంటే తిండి గురించి అడుగుతాడేమిటని. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ముసురుకున్నా మనసు సీసా వైపు లాగుతుందని, ఆ లాగుడు కెరటంలా లేచి అరగంటలోపు తగ్గుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. ముందు ఏదైనా తినమన్నాడు. పక్క సందులో నాలుగు ఇడ్లీలు తిన్నాడు బాబాయి. తినేసరికి షట్టరు లేచింది. ఆ వైపు వెళ్లలేదు. ఆ మర్నాడు ఏమవుతుందో ఆయనకూ తెలియదు. ఇది రాస్తున్న నాటికి పద్నాలుగు నెలలు. పేరూ ఊరూ లేకుండా రాసుకోమన్నాడు.

ఒక్క సంగతి మాత్రం ప్రభుత్వాల్ని అడగాలి. సిగరెట్ పెట్టె తిప్పి చూడండి. మానేయాలనుకుంటే ఫోన్ చేయమంటూ 1800-11-2356 అని ఉంటుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి పొగాకు పెట్టెల మీద అది తప్పనిసరి. మద్యం సీసా మీద 2019 నుంచి ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక, తాగి బండి నడపొద్దన్న హితవు తప్పనిసరి చేశారు. ఫోన్ నంబరు మాత్రం తప్పనిసరి చేయలేదు. సీసా అమ్మించేది, దాని మీద పన్ను తీసుకునేది, మాన్పించే ఫోన్ ఎత్తేది, అన్నీ ప్రభుత్వాలే. మూతకు సీలు వేయగలిగినవాళ్లు అయిదంకెలు అచ్చు వేయలేరా? క్వార్టర్ సీసా చేతిలో ఉన్న మనిషికి అంతకంటే దగ్గరగా ఏ పోస్టరూ వెళ్లలేదు.

అది జరిగేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ పేజీ పక్కన పెట్టే ముందు మీ ఫోన్‌లోనో, మీ అక్కయ్య ఫోన్‌లోనో, రోజూ సాయంత్రం మీతో పార్కులో నడిచే ఆ పెద్దాయన ఫోన్‌లోనో ఈ నంబరు ఎక్కించండి. 14416. పేరు గ్యాస్ బుకింగ్ అని పెట్టుకున్నా పరవాలేదు.